బాజెల్‌లోని ఆ బడి: చదివేవాళ్లు, వాయించేవాళ్లు ఒక్కచోట

(సంగీత కళాశాల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభ నుంచి వచ్చిన రెండు ప్రశ్నలను, జవాబులను కూడా ఇందులో చేర్చాం.)

అందరికీ నమస్కారం.

1787లో లండన్‌లో కార్ల్ ఫ్రీడ్రిష్ ఆబెల్ అనే సంగీతకారుడు చనిపోయాడు. పుట్టింది జర్మనీలో, స్థిరపడింది ఇంగ్లండ్‌లో. వయొలా ద గాంబా వాయించడంలో ఆ రోజుల్లో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఆయన పోయాక ఆ వాద్యాన్ని అంత స్థాయిలో చేతబట్టినవాళ్లు మళ్లీ రాలేదు. ఆరేడు తీగలు, మెట్లు, ఒళ్లో నిలబెట్టి మోకాళ్ల మధ్య పట్టుకుని కమానుతో వాయించే వాద్యం అది. మూడు వందల ఏళ్ల పాటు యూరప్ రాజసభల్లోనూ ఇళ్లలోనూ మోగింది. దాని కోసం రాసిన సంగీతం గ్రంథాలయాల్లో అలాగే ఉంది. వాద్యాలూ మ్యూజియంల్లో ఉన్నాయి. కానీ చెయ్యి ఎక్కడ పెట్టాలో, కమానును ఎంత బరువుతో లాగాలో చెప్పే మనిషి లేడు. పరంపర తెగిపోయింది.

మనం గురుముఖతః నేర్చుకునేవాళ్లం. పాఠం నోటి నుంచి చెవికి వస్తుంది. మధ్యలో తెగితే ఏం చెయ్యాలన్నది మనం పెద్దగా ఆలోచించని విషయం. ఇవాళ నేను చెప్పబోయే బడి సరిగ్గా ఆ ప్రశ్నతోనే పుట్టింది. స్విట్జర్లాండ్‌లో, జర్మనీ ఫ్రాన్స్ సరిహద్దులు కలిసే చోట, రైన్ నది ఒడ్డున ఉన్న బాజెల్ నగరంలో 1933లో మొదలైంది. దాని పేరు స్కోలా కాంటోరుమ్ బాజిలియెన్సిస్. పొడుగు పేరు కాబట్టి ఇకమీద స్కోలా అనే అంటాను.

ముందు పరంపర ఎందుకు తెగిందో రెండు మాటలు. 18వ శతాబ్దం చివరికి సంగీతం రాజుగారి గదుల్లోంచి పెద్ద హాళ్లలోకి వచ్చింది. హాలు పెద్దదైతే ధ్వని కూడా పెద్దది కావాలి. మీటలు నొక్కితే తీగలు మీటే హార్ప్సికార్డ్ స్థానంలోకి పియానో వచ్చింది, గాంబా పోయి చెల్లో మిగిలింది, వేళ్లతో మీటే ల్యూట్ మూలపడింది. 1795లో పారిస్‌లో ప్రభుత్వ కన్సర్వేటరీ పెట్టారు. దేశమంతటికీ ఒక పద్ధతి, ఒక పాఠ్యప్రణాళిక, ఒక పరీక్ష. 19వ శతాబ్దంలో యూరప్ అంతటా అదే నమూనాలో బళ్లు లేచాయి. వాటివల్ల వేలమందికి చదువు వచ్చింది, నేను కాదనను. అయితే అప్పుడు వాడుకలో ఉన్న వాద్యాలకే అక్కడ తరగతులు. పాత సంగీతం వాయించాలనుకుంటే ఆ కొత్త వాద్యాల మీదే, ఆ కాలపు అభిరుచికి సరిపోయేలా మార్చుకుని వాయించేవారు. 1829లో బెర్లిన్‌లో మెండెల్సన్ అనే సంగీతకర్త, బాఖ్ రాసిన మాథ్యూ పాషన్‌ను, అంటే క్రీస్తు శిలువ కథను పాడే రచనను, మళ్లీ వినిపించాడు. ఆ రోజు అది పెద్ద సంఘటన. అప్పటికి బాఖ్ పోయి 79 ఏళ్లే. అంతలోనే మెండెల్సన్ దాన్ని చాలా కుదించాల్సి వచ్చింది, అందుబాటులో లేని వాద్యాల బదులు వేరేవి పెట్టాల్సి వచ్చింది.

20వ శతాబ్దం మొదట్లో కొందరు ఇలా కాదని నడుం కట్టారు. ఇంగ్లండ్‌లో ఆర్నల్డ్ డోల్‌మెచ్ పాత వాద్యాలు తన చేతులతో తయారుచేసి, ఇంటిల్లిపాదికీ నేర్పి, 1925లో హేజిల్‌మియర్ అనే ఊళ్లో ఉత్సవం మొదలుపెట్టాడు. పోలండ్ నుంచి వచ్చిన వాండా లాండోవ్‌స్కా హార్ప్సికార్డ్‌ను మళ్లీ వేదిక ఎక్కించి, అదే 1925లో పారిస్ దగ్గర సెంట్ లూ లా ఫొరేలో తన ఇంటినే బడిగా మార్చింది. ఇద్దరూ మహానుభావులే. ఇద్దరి విషయంలోనూ బడి అంటే ఆ మనిషే. 1940లో జర్మన్ సైన్యం వస్తుంటే యూదు మహిళ అయిన లాండోవ్‌స్కా ఇల్లు వదిలి పారిపోయింది. ఆమె వాద్యాలు, పుస్తకాలు, రాతప్రతులు నాజీలు దోచుకుపోయారు. బడి అక్కడితో ముగిసింది. ఒక మనిషి మీద నిలబడినదానికి ఎంత ప్రమాదం ఉంటుందో ఇది చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు బాజెల్‌కి వద్దాం. పాల్ జాఖర్ 1906లో అక్కడే ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్లకే, 1926లో, బాజెల్ చాంబర్ ఆర్కెస్ట్రా స్థాపించాడు. ఆ ఆర్కెస్ట్రా విధానం విచిత్రంగా ఉండేది. హైడన్, మోట్సార్ట్‌ల కంటే ముందటి సంగీతం వాయించాలి, లేదంటే నిన్న మొన్న రాసిన సంగీతం వాయించాలి. అందరూ వాయించే 19వ శతాబ్దాన్ని అందరికీ వదిలేశాడు. హంగరీ సంగీతకర్త బార్టోక్ చేత తీగవాద్యాలకీ తాళవాద్యాలకీ కలిపి ఒక రచన చేయించుకుని 1937 జనవరిలో బాజెల్‌లో తొలిసారి వినిపించాడు. ఇవాళ ప్రపంచమంతా వాయిస్తున్న రచన అది. బాజెల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ నెఫ్ అనే ఆచార్యుడి దగ్గర సంగీత శాస్త్రం చదివాడు. పాత రచనలు వేదిక మీదికి తీసుకొస్తుంటే ఆయనకి ఒక సంగతి అర్థమైంది. ప్రతి కచేరీకి ముందు తనే గ్రంథాలయాలు తిరగాలి, వాయించేవాళ్లకి తనే చెప్పాలి, వాళ్లకి మళ్లీ ఆ విద్య వేరే చోట దొరకదు.

1932లో జాఖర్ ఒక ప్రణాళిక రాశాడు. అందులో ముఖ్యమైన ఆలోచన ఒక్కటే. పాత సంగీతాన్ని తిరిగి బతికించడంలో వచ్చే ప్రశ్నలన్నింటినీ పరిశోధించాలి, ఆ పరిశోధనను వాయించి పరీక్షించాలి, శాస్త్రానికీ ప్రయోగానికీ మధ్య రాకపోకలు నిరంతరం సాగాలి. అందుకే బోధన, పరిశోధన రెండూ చేసే సంస్థ అని బడి పేరు కింద మొదటి నుంచీ రాసుకున్నారు. పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. పారిస్‌లో 1894లో వెన్సాన్ దాండీ మొదలైనవాళ్లు పెట్టిన స్కోలా కాంటోరుమ్ చర్చి గానాన్ని, 16వ శతాబ్దపు పాలెస్ట్రీనా రచనలను మళ్లీ వెలుగులోకి తెచ్చింది. ఆ బాట తమది కూడా అన్న గుర్తుగా చివర బాజెల్ పేరు తగిలించారు.

ఒక్క విషయం గమనించండి. బడి పెట్టింది 1933లో. జాఖర్ పెళ్లి చేసుకుంది 1934లో. ఆయన భార్య మాయా, మందుల కంపెనీ హాఫ్‌మన్ లా రోష్ కుటుంబం కోడలు, అప్పటికే మొదటి భర్త పోయిన మనిషి. ఆ పెళ్లితో జాఖర్ చేతికి అంతులేని డబ్బు వచ్చింది. డబ్బుంది కాబట్టి బడి పెట్టాడు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. తేదీలు చూస్తే అది నిజం కాదు. ఆలోచన ముందు వచ్చింది. అయితే ఆ డబ్బు లేకపోతే బడి ఇన్నేళ్లు నిలిచేదా అంటే, నిలవడం కష్టమేనని నా అభిప్రాయం.

మొదట్లో జాఖర్‌తో కలిసి వచ్చింది పిడికెడు మంది. సంగీత శాస్త్రం చదివిన వాల్టర్ నెఫ్, టెనర్ గాయకుడు మాక్స్ మైలీ, గాంబా నేర్పడానికి ఆగస్ట్ వెంట్సింగర్, సిద్ధాంతం నేర్పడానికి ఇనా లోర్. ఈ చివరి ఇద్దరి గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి.

వెంట్సింగర్ బాజెల్ కుర్రాడే, జాఖర్ కంటే ఒక ఏడాది పెద్ద. వృత్తి చెల్లో. బ్రేమెన్ ఆర్కెస్ట్రాలో మొదటి చెల్లో వాయించాడు, తర్వాత బాజెల్ ఆర్కెస్ట్రాలో దశాబ్దాల పాటు అదే పని. అంటే సాయంత్రం 19వ శతాబ్దపు బ్రామ్స్ సంగీతం, పొద్దున్నే స్కోలాలో గాంబా. గాంబా చెప్పేవాళ్లే లేని కాలంలో ఆయన ఎలా నేర్చుకున్నాడు? పాత పుస్తకాలు చదివి, వాద్యం మీద ప్రయత్నించి. 1553లో స్పెయిన్ సంగీతకారుడు డియేగో ఓర్టిజ్ గాంబా మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోయేటప్పుడు మధ్యలో ఎన్ని రకాలుగా నింపవచ్చో పేజీల కొద్దీ ఉదాహరణలు ఇచ్చాడు. మన మాటల్లో చెప్పాలంటే సంగతులు. చూసి చదివితే అవి వ్యాకరణం లెక్కలా కనిపిస్తాయి. చేతికి వచ్చేదాకా వాయిస్తే గాని వాటిలోని ఊపిరి తెలియదు. వెంట్సింగర్ ఆ పని 1933 నుంచి 1970 దాకా, ముప్ఫై ఏడేళ్లు చేశాడు. 1955లో మోంటెవెర్డీ ఓర్ఫియోను పాత వాద్యాలతో రికార్డు చేశాడు. ఆ ఒపేరా మొదట ఆడింది 1607లో. ఇవాళ వింటే మనకి కాస్త బిగుసుగా, జాగ్రత్తగా అనిపిస్తుంది. కానీ ఆ వాద్యాల ధ్వనిని వేల మంది మొదటిసారి విన్నది అలాంటి రికార్డుల్లోనే.

ఇనా లోర్ 1903లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. వయొలిన్ నేర్చుకుంది, బాజెల్ వచ్చి అక్కడే ఉండిపోయింది. జాఖర్‌కి సహాయకురాలిగా ఆర్కెస్ట్రా కోసం రచనలు చూసిపెట్టేది, బళ్లో పాఠాలు చెప్పేది. చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం ఆమె పేరు జాఖర్ వెనక ఒక వాక్యంగానే ఉండిపోయింది. నాకు మాత్రం ఆ బడికి పునాది ఆమె తరగతి గదే అనిపిస్తుంది. ఎందుకంటే ఆమె వాద్యంతో మొదలుపెట్టలేదు, గొంతుతో మొదలుపెట్టింది. గ్రెగోరియన్ గానం, అంటే చర్చిలో ఒకే వరసలో, తోడు వాద్యం లేకుండా పాడే లాటిన్ స్తోత్రాలు. దానితో పాటు సోల్మిజేషన్, అంటే స్వరాలను అక్షరాల పేర్లతో పాడటం. 11వ శతాబ్దంలో గీడో అనే సన్యాసి ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని ఆరు అక్షరాలు పెట్టాడు. మనకి ఏడు, వాళ్లకి ఆరు. ఆరు దాటి పైకి పోవాలంటే మధ్యలో అక్షరం మార్చుకోవాలి. ఎక్కడ మారుస్తున్నామో పాడేవాడికి తెలియాలి. మి నుంచి ఫా ఎప్పుడూ అర్ధస్వరం. అది తెలిస్తే రాతలో లేని చోట కూడా స్వరం ఎక్కడ తగ్గాలో గొంతే చెబుతుంది. స్వరస్థానాలు గొంతులో నిలిచాకే వాద్యం పట్టమనే మన పెద్దల పద్ధతికి ఇది ఎంత దగ్గరో మీకే తెలుస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. ఆమె దృష్టిలో ఈ సంగీతం కచేరీ కోసం కాదు. ఇంట్లో కూర్చుని నలుగురు కలిసి పాడుకోవడానికి, చర్చిలో ప్రార్థనకి. రికార్డర్ అనే చెక్క పిల్లనగ్రోవి పట్టుకున్న గృహిణి, సాయంత్రం పాడుకునే గుమాస్తా, పిల్లలు, వీళ్లందరూ ఆమె విద్యార్థులే. 1920లు, 30ల్లో జర్మన్ మాట్లాడే దేశాల్లో ఈ ఆలోచన బలంగా ఉండేది. అందుకే స్కోలాలో వృత్తివిద్యతో పాటు మామూలు జనానికి, పిల్లలకి పాఠాలు చెప్పడం మొదటి నుంచీ ఉంది.

ఈ రెండు దారుల మధ్య లాగుడు ఆ బడి చరిత్ర పొడుగునా ఉంది. ఒక వైపు అందరూ కలిసి పాడుకునే సంగీతం. ఇంకో వైపు ప్రపంచ వేదికల మీద నిలబడగలిగే విద్వాంసుడు. యుద్ధం తర్వాత రెండోదే బలపడింది. దాన్ని ఎవరూ ఆపలేరు కూడా. రికార్డులు వచ్చాయి, రేడియో వచ్చింది, జనం తప్పుల్లేకుండా వాయించడం కోరుకున్నారు. ఇనా లోర్ దారి పక్కకి జరిగింది. అందులో కొంత నష్టం జరిగిందని నేను నమ్ముతాను. పాడుకునేవాళ్లు తగ్గి వినేవాళ్లు మాత్రమే మిగిలితే ఏ సంగీతమైనా సన్నబడుతుంది.

యుద్ధకాలం. స్విట్జర్లాండ్ తటస్థ దేశం కాబట్టి బడి తలుపులు మూతపడలేదు. సరిహద్దు అవతల నగరాలు తగలబడుతుంటే ఇక్కడ తరగతులు నడిచాయి. 1942లో ఊరివాళ్లు కొందరు చేరి ప్రాచీన సంగీత మిత్రులు అనే సంఘం పెట్టుకుని కచేరీలు మొదలుపెట్టారు. బడికి ఊరితో ముడి అలా గట్టిపడింది.

యుద్ధం అయిపోయిన రెండేళ్లకి, 1947లో, హాలండ్ నుంచి పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒకడు వచ్చాడు. పేరు గుస్తావ్ లెయోన్‌హార్ట్. ఎడ్వార్డ్ మ్యూలర్ దగ్గర ఆర్గన్, హార్ప్సికార్డ్ నేర్చుకుని 1950లో బయటికి వచ్చాడు. తర్వాతి కాలంలో హార్ప్సికార్డ్ ఎలా వాయించాలో ప్రపంచానికి చెప్పినవాళ్లలో ముందు నిలిచాడు. లాండోవ్‌స్కా వాయించింది పియానో కంపెనీ చేసిన ఇనుప చట్రం వాద్యం మీద, బరువుగా గంభీరంగా మోగేది. లెయోన్‌హార్ట్ తరం 17, 18 శతాబ్దాల వాద్యాలను కొలిచి, వాటిలాగే పూర్తిగా చెక్కతో, పల్చగా చేసినవాటికి మారింది. వాద్యం మారేసరికి వేళ్లు మారాయి, వేళ్లు మారేసరికి సంగీతం ఊపిరి తీసుకునే తీరే మారింది. 1971 నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు ఆయన, వియన్నా నుంచి నికొలాస్ హార్నన్‌కోర్ట్ కలిసి బాఖ్ చర్చి కాంటాటాలు, అంటే ప్రార్థన కోసం గొంతులకీ వాద్యాలకీ కలిపి రాసిన రచనలు, రికార్డు చేశారు. దాదాపు రెండు వందలు.

1954లో స్కోలా ఒంటరిగా ఉండటం మానుకుంది. ఊళ్లోని సంగీత పాఠశాల, కన్సర్వేటరీ, స్కోలా మూడూ కలిసి బాజెల్ నగర సంగీత అకాడమీ అయ్యాయి. దాన్ని నడిపించింది కూడా జాఖరే, 1969 దాకా. దీనివల్ల పాత సంగీతం చదివేవాళ్ల పక్క గదిలోనే సరికొత్త సంగీతం చదివేవాళ్లు ఉండేవారు. 1960ల మొదట్లో ఫ్రెంచి ఆధునిక సంగీతకర్త పియెర్ బూలెజ్ అక్కడే పాఠాలు చెప్పాడు. జాఖర్ ఇరవై ఏళ్ల వయసులో ఆర్కెస్ట్రా కోసం పెట్టుకున్న నియమం ఇప్పుడు ఒక ప్రాంగణంగా తయారైంది.

1970ల మొదట్లో బడి పగ్గాలు వుల్ఫ్ ఆర్ల్ట్ చేతికి వచ్చాయి. ఆయన మధ్యయుగ సంగీత పరిశోధకుడు. నన్నడిగితే ఈ బడి కథలో అన్నిటికంటే ఉత్సాహంగా సాగే కాలం ఇది. అప్పటిదాకా స్కోలా దృష్టి ఎక్కువగా 16 నుంచి 18 శతాబ్దాల మీద ఉండేది. ఆర్ల్ట్ ఇంకా వెనక్కి, 12, 13 శతాబ్దాలకి తీసుకెళ్లాడు. 1973లో మ్యూనిక్ నుంచి థామస్ బింక్లీ అనే అమెరికన్‌ను, ఆయన బృందాన్ని రప్పించాడు. ఆ బృందం మధ్యయుగ పాటలు పాడేది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ కాలపు ట్రూబదూర్ కవుల పాటలకు రాతప్రతుల్లో వరస మాత్రం ఉంటుంది. లయ చాలావాటికి స్పష్టంగా ఉండదు. తోడుగా ఏ వాద్యం, ఏం వాయించాలన్నది అసలే ఉండదు. బింక్లీ ఉత్తర ఆఫ్రికా సంప్రదాయాలు విన్నాడు, ఊద్ లాంటి అరబ్ తీగవాద్యాలు తెచ్చుకున్నాడు, ఆలాపన లాంటి ముందు భాగాలు అప్పటికప్పుడు కట్టి వాయించాడు. వినడానికి అద్భుతం. అది ఊహా, నిజమా అన్న వాదన అప్పుడే మొదలైంది, ఇంకా ఆగలేదు. ఆయన దగ్గర చదివినవాళ్లే తర్వాత అది ఎక్కువ ఊహ అని పక్కన పెట్టి, మాటల లయ మీద, గొంతు మీద ఆధారపడి వేరే దారి పట్టారు. అక్కడ చదువుకున్న బెంజమిన్ బాగ్బీ, బార్బరా థార్న్‌టన్ 1977లో పెట్టిన సెక్వెన్షియా బృందం అలాంటిదే.

అదే కాలంలో బార్సిలోనా వైపు నుంచి జోర్డి సవాల్ వచ్చాడు. చెల్లో చదివి గాంబాకి మారినవాడు. 1968లో వెంట్సింగర్ దగ్గర చేరి, తర్వాత ఆయన స్థానంలో అధ్యాపకుడయ్యాడు. 1974లో భార్య మొన్‌సెరాత్ ఫిగెరాస్, ల్యూట్ వాయించే హాప్‌కిన్సన్ స్మిత్, లొరెంజో ఆల్పెర్ట్‌లతో కలిసి బాజెల్‌లోనే హెస్పెరియాన్ బృందం మొదలుపెట్టాడు. 1787లో లండన్‌లో ఆగిన పరంపర బాజెల్ నుంచి మళ్లీ లోకమంతా తిరిగింది.

ఆ బళ్లో విద్యార్థి రోజూ చేసే పని ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మొదటిది రాత. వాళ్లు పాత రాతప్రతుల నకళ్ల నుంచే పాడటం నేర్చుకోవాలి. 15, 16 శతాబ్దాల బృందగానంలో నలుగురికీ కలిపి ఒక పేజీ ఉండదు. ఎవరి భాగం వాళ్ల ముందే. పక్కవాడు ఏం పాడుతున్నాడో కళ్లకి కనపడదు, చెవితో పట్టుకోవాలి. ఇవాళ్టి నొటేషన్‌లో ఉండే నిలువు గీతలూ ఉండవు. దాంతో పదం విరుపును బట్టి లయ నడుస్తుంది, గీతను బట్టి కాదు.

రెండోది శ్రుతి. ఇవాళ ప్రపంచం ఎ అనే స్వరాన్ని సెకనుకి 440 కంపనాల దగ్గర పెట్టుకుంది. పాత కాలంలో అది ఊరిని బట్టి మారేది. రోమ్‌లో కింద, వెనిస్‌లో పైన. ఇప్పుడు బరోక్ సంగీతానికి, అంటే 17వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం నడిమి దాకా వచ్చిన సంగీతానికి, 415 అని ఒక ఒప్పందానికి వచ్చారు. అది ఒక అర్ధస్వరం తక్కువ కాబట్టి అందరికీ వీలుగా ఉంటుంది. దానికి తోడు స్వరాల మధ్య దూరాలు. పియానోలో పన్నెండు స్వరాలూ సమానంగా పంచేస్తారు. అందువల్ల అంతర గాంధారం సహజమైన చోటు కంటే సుమారు 14 సెంట్లు (అర్ధస్వరంలో నూరోవంతు ఒక సెంటు) ఎక్కువ పలుకుతుంది. తంబూరా ముందు కూర్చునే మనకి అది వెంటనే గుచ్చుకుంటుంది. 16, 17 శతాబ్దాల మీన్‌టోన్ పద్ధతిలో పంచమాన్ని పిసరంత తగ్గించి గాంధారాన్ని శుద్ధంగా ఉంచుకున్నారు. కొన్ని ఆధార స్వరాల మీద కట్టిన సంగీతం తియ్యగా, కొన్నిటి మీద కట్టింది వాయించలేనంత కటువుగా ఉంటుంది. ఆ తేడానే వాళ్లు భావానికి వాడుకున్నారు.

మూడోది అప్పటికప్పుడు కట్టడం. హార్ప్సికార్డ్ వాయించేవాడికి కింది వరస ఒక్కటే రాసి, పైన కొన్ని అంకెలు వేసి ఇచ్చేవారు. మిగతా స్వరాలు అతను అక్కడికక్కడ నింపాలి. ఇవాళ్టికీ స్కోలాలో ఇది తప్పనిసరి విద్య. యూరప్ సంగీతం అంటే కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించడమే అనుకునే మనవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. వాళ్లకీ మనోధర్మం ఉండేది.

మీలో వయొలిన్ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా చెబుతాను. వయొలిన్‌కి గడ్డం ఆనించే చెక్క 1820 ప్రాంతంలో లూయీ ష్పోర్ తెచ్చినది. అంతకు ముందు అది లేదు. 17వ శతాబ్దపు చిత్రాల్లో వాద్యాన్ని ఛాతీకి ఆనించి పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. తీగలు పేగుతో చేసినవి. ఇప్పుడు బరోక్ వయొలిన్ నేర్చుకునేవాళ్లు గడ్డం పట్టు వదిలేసి, స్థానం మారినప్పుడు ఎడమచేతితోనే వాద్యాన్ని మోసుకుంటూ పోవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. మద్రాసులో బాలుస్వామి దీక్షితులు యూరప్ వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చింది అలాంటి పాత రోజుల చివర్లోనే. మనం నేల మీద కూర్చుని, వాద్యాన్ని పాదానికి ఆనించి వేరే పరిష్కారం కనుక్కున్నాం. చెయ్యి స్వేచ్ఛగా జారాలన్న అవసరం మాత్రం ఒక్కటే.

ఇక పరిశోధన వైపు. 1977 నుంచి స్కోలా ఒక వార్షిక సంచిక వెలువరించింది. వాయించేవాళ్లు, చదివేవాళ్లు ఇద్దరూ అందులో రాస్తారు. 1978 నుంచి 2005 దాకా పీటర్ రైడెమైస్టర్ బడిని నడిపాడు. ఆ కాలంలో సొంతంగా రికార్డుల వరస కూడా వచ్చింది. కార్నెట్టో అనే వంపు తిరిగిన చెక్క వాద్యం, తోలు చుట్టి ఉంటుంది, పూర్తిగా చచ్చిపోయిన వాద్యం, దాన్ని బ్రూస్ డికీ అక్కడ దశాబ్దాల పాటు నేర్పి మళ్లీ బతికించాడు. 2008లో అకాడమీలోని ఉన్నతవిద్య భాగం వాయవ్య స్విట్జర్లాండ్ విశ్వవిద్యాలయంలో చేరింది. ఇప్పుడు డిగ్రీలు, క్రెడిట్లు, దరఖాస్తులు అన్నీ ఉన్నాయి. జాఖర్ 1999లో, తొంభై మూడేళ్ల వయసులో పోయాడు.

ఇక్కడితో నా మాటలు ఆపుతాను. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభ నుంచి ఒక విద్యార్థి: మేడమ్, అప్పటి రికార్డింగులు ఏవీ లేవు కదా. వాళ్లు సరిగ్గానే వాయిస్తున్నారని ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న బాబూ. పూర్తిగా తెలియదు. 1980ల్లో రిచర్డ్ టారుస్కిన్ అనే అమెరికన్ పండితుడు ఇదే మాట చాలా గట్టిగా అన్నాడు. మీరు ప్రాచీనం అంటున్నది నిజానికి 20వ శతాబ్దపు అభిరుచి, వేగం, తేలికదనం, ఎండిపోయిన భావం, ఇవన్నీ 20వ శతాబ్దపు సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ కాలపు లక్షణాలు అన్నాడు. ఆ విమర్శలో బలం ఉంది. 1955 నాటి వెంట్సింగర్ రికార్డు, 1975 నాటి సవాల్ రికార్డు, నిన్న వచ్చిన రికార్డు పక్కపక్కన పెట్టి వినండి. మూడూ పాత పుస్తకాలనే చదివాయి, మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. నేను అయినా స్కోలా పక్షమే. ఎందుకంటే వాళ్లు ప్రతి తరంలోనూ మళ్లీ ఆ పుస్తకం దగ్గరికే వెళ్లి, ముందు తరం చెప్పింది సరేనా అని చూస్తున్నారు. బింక్లీ శిష్యులు బింక్లీని ప్రశ్నించగలిగింది ఆయన చూసిన రాతప్రతి వాళ్లకీ అందుబాటులో ఉంది కాబట్టే. గురువుగారు చెప్పారు అన్నదే ఆధారమైతే అది కుదరదు.

(ఇంకొక విద్యార్థిని: మరి మనకి అలాంటి బడి కావాలంటారా మేడమ్? మన పరంపర తెగలేదు కదా?)

మొత్తంగా తెగలేదమ్మా. కొన్నిచోట్ల తెగింది. తాళ్లపాక రేకులు చూడు. అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన పాటలు వేల కొద్దీ రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో భద్రం చేశారు. పాట పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. వరస పోయింది. ట్రూబదూర్ పాటకి వరస ఉండి లయ లేకపోతే, మనకి రాగం ఉండి వరస లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటి మహానుభావులు కొత్తగా వరసలు కట్టారు. అవి గొప్పవే, మనందరం పాడుకుంటున్నాం. కానీ 15వ శతాబ్దంలో ఆ రాగం పేరుకి అర్థం ఏమిటి, ఇవాళ మనం అదే పేరుతో పాడేది అదేనా, ఆ కాలపు లక్షణ గ్రంథాల్లో ఏముంది అని చదివేవాళ్లు, పాడేవాళ్లు ఒక గదిలో కూర్చుని ఏళ్ల తరబడి తేల్చుకునే చోటు మనకి ఉండాలి. ఒకటి రెండు సెమినార్లతో అయ్యే పని కాదు అది. జాఖర్ బడికి తొంభై ఏళ్లు పట్టింది, ఇంకా అవ్వలేదు.

బడి వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. బాలుస్వామి దీక్షితుల దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించారు. తెలుగు లిపిలో. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి, కృతులన్నీ స్వరపరిచారు. తెలుగు లిపి రానివాళ్లు దాన్ని వేరే లిపిలోకి మార్చిన ప్రతిలోనే చదువుకోవాలి. మనకి ఆ కష్టం లేదు. మీకు బాగా వచ్చిన ముత్తుస్వామి దీక్షితుల కృతి ఒకటి తీసుకోండి. గురువుగారి దగ్గర నేర్చుకున్న పాఠం పక్కన పెట్టి, అందులోని గుర్తులన్నీ పలికేలా నెమ్మదిగా వాయించి చూడండి. రెండూ ఎక్కడ విడిపోతున్నాయో రాసుకుని మీ గురువుగారికే చూపించి మాట్లాడండి. గమకాల గుర్తుల వివరణ పుస్తకం ముందు భాగంలోనే ఉంది. ముందు అది చదివి, తర్వాత కృతి తెరవండి.